రెండు వేళ్ల సందు

కొన్నప్పుడు
టైరుకీ మడ్గార్డుకీ మధ్య నాలుగు వేళ్లు దూరేవి.
బెత్తెడు సందు.
చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి బురద దాటే మనిషిలా ఉండేది బండి.
రెండు వేళ్లు చాలనుకున్నాను.

ఇరవై మూడేళ్ల ఎర్ర మాజ్డా, రెండే సీట్లు.
సగం జీతం పోసి తెప్పించిన నీలం స్ప్రింగుల కాయిలోవర్లు.
సెయింట్ ఆల్బన్స్‌లో అద్దింటి షెడ్డు, జూలై చలి,
సిమెంటు మీద అట్టముక్క,
అట్టముక్క మీద నేను.

దిగింది. అందంగానే దిగింది.
ఆస్పత్రి ల్యాబులో రాత్రి డ్యూటీ ముగించుకుని వస్తుంటే
ముందు ఎడమ చక్రం దగ్గర
టక్.
పంటి కింద రాయి.

కాలర్ రింగు వదులైందేమోనని
కొక్కెం స్పానరుతో బిగించాను, మెటికల తోలు లేచిపోయేదాకా.
టక్.
పైన మౌంటు నట్టు. టక్.
రోల్ బార్ లింకు, కొత్తది, నలభై డాలర్లు.
నలభై డాలర్ల టక్.
డాంపరుకి ముప్ఫై రెండు క్లిక్కులు:
ఆరు దగ్గర పడవ, ఇరవై దగ్గర గాడిద,
రెండూ అదే చోట అదే మాట అంటాయి.

టేపు పెట్టి చూస్తే
ఎడమ పక్క పదకొండు మిల్లీమీటర్లు ఎత్తు.
మరలు గోటితో లెక్కపెట్టాను. అటూ ఇటూ సమానమే.
లెక్క కలిసింది, ఎత్తు కలవలేదు.

ఒకవేళ నా బరువా?
ఇక్కడ డ్రైవరుది కుడి సీటు కదా.
అరవై ఒక్క కిలోలు నేను.
పది కిలోల బియ్యం సంచులు ఆరు, పైన కిలో కందిపప్పు,
పడిపోకుండా సీటు బెల్టు.
ఎడమ పక్క ఇంకా ఎత్తే.

కంచె మీంచి కార్మెనూ తల పెట్టాడు.
మాల్టా మనిషి. న్యూపోర్టు రైలు వర్క్‌షాపులో ముప్ఫై ఎనిమిదేళ్లు.
"ఎవరా కూర్చున్నది?"
"నేనే."
"నువ్విక్కడున్నావు కదా."

తర్వాత నవ్వకుండా అడిగాడు,
కింది ఆర్ము బోల్టులు ఎప్పుడు బిగించావని.
చక్రాలు గాల్లో ఉన్నప్పుడే, అన్నాను. పుస్తకంలో చెప్పినంత టార్కే.
"అదీ సంగతి.
లోపల రబ్బరుంటుంది.
బిగించినప్పుడు ఎలా ఉందో అదే ఇల్లనుకుంటుంది.
గాల్లో బిగించి నేల మీద నడిపితే
రోజంతా తడిబట్టలా మెలిపడి ఉంటుంది, పాపం.
బరువు మోస్తున్నప్పుడే బిగించాలి."

పాత పట్టాల కింది దుంగ కోసిన ముక్కలు నాలుగు తెచ్చాడు.
టైరు కింద ఒకటి, టైరు కింద ఒకటి.
బియ్యాన్ని దించేసి
నన్నెక్కమన్నాడు.
డెబ్బై నాలుగేళ్ల మనిషి నా అట్టముక్క మీద కిందికి జారుకున్నాడు.

"ముందుకు వంగకు. రోజూ ఎలా కూర్చుంటావో అలా కూర్చో."

రోజూ ఎలా కూర్చుంటానో
నాకు తెలియలేదు.
భుజాలు ఎక్కడ పెట్టుకుంటాను?
ఊపిరి పట్టి ఉంచుతానా?
ఇన్ని వారాలూ బండి కిందే ఉన్నాను,
నా కింద ఒకరుండటం ఇదే మొదలు.

బోల్టు వదిలింది.
ఎవరూ తోయలేదు, నొక్కలేదు.
ఎడమ మూల చిన్నగా మూలిగి
దిగాల్సినంతా దిగింది.
కింద టార్క్ రెంచి రెండుసార్లు కటుక్కుమంది.
"అంతే," అన్నాడు నేల.

సాయంత్రం వీధి చివర స్పీడ్ బ్రేకరు.
ఎక్కింది. దిగింది.
ఏమీ లేదు.
అలవాటుకొద్దీ నా దవడ మాత్రం బిగుసుకుంది.

అప్పుడు, ఎక్కడో, సన్నగా, గలగల.
కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టయింది.
పక్కకి ఆపి, టార్చి నోట కరిచి, సీటు కింద తల దూర్చితే
చిరిగిన సంచిలోంచి రాలిన బియ్యం,
సీటు పట్టా గాడిలో, గుప్పెడు.

ఏరలేదు.
బండి వెనక్కి తిప్పి
ఆ గుట్టని ఇంకోసారి ఎక్కించాను.